మూడేళ్లుగా నా తాళాల గుత్తికున్న సెక్యూరిటీ కీ, నా ఫోన్ నంబరు చేజారిన ఆదివారం

నా తాళాల గుత్తికి వేలాడే ఈ చిన్న నల్ల ముక్క మీద నాకెంత ఇష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. యూబికీ 5 ఎన్ఎఫ్‌సి, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ‘లాగిన్ అవుతున్నది నేనే’ అని రుజువు చేసే సెక్యూరిటీ కీ. ధర, మోడళ్ల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది, నేను చెప్పను. 2021లో, క్రిప్టో (డిజిటల్ కరెన్సీ) కొని అమ్ముకునే కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజీలో ఎస్ఎమ్ఎస్‌తో ఖాతా తిరిగి తెరిపించే పద్ధతిలో ఉన్న లోపాన్ని వాడుకుని కనీసం 6,000 మంది ఖాతాల్లోంచి క్రిప్టో కాజేశారని వార్త వచ్చింది. అది చదివిన వారంలోనే రెండు కీలు కొన్నాను. ఒకటి గుత్తికి, రెండోది దేవుడి అల్మరాలో మా ఆవిడ నగల డబ్బాలో. లాగిన్ అయినప్పుడల్లా పచ్చ లైటు మిణుకుమంటుంది, మధ్యలో ఉన్న బంగారు రంగు బిళ్ళ మీద వేలు పెడితే సరి. గీతలు పడ్డాయి కానీ ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పోయిన దీపావళికి ముందు ఆదివారం, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో భోజనాలు. పులిహోర వడ్డించుకుంటుంటే నా ఫోన్ మీద సిగ్నల్ గీతలు పోయి ‘ఎస్ఓఎస్’ అని కనిపించింది. టవర్ సమస్యేమో అనుకున్నాను. పక్కనే మా ఆవిడ ఫోన్ చూస్తే నిండా సిగ్నల్. ఇద్దరిదీ ఒకే ఫ్యామిలీ ప్లాన్. అప్పుడు గుండె జారింది. వాళ్ల వైఫై పట్టుకోగానే మెయిల్: మీ సిమ్ మార్పు పూర్తయింది. నేను ఏ సిమ్మూ మార్చలేదు.

2018లో మైకేల్ టెర్పిన్ అనే ఇన్వెస్టర్ నంబరుని ఇలాగే దొంగలు తమ సిమ్‌లోకి మార్చేసుకుని సుమారు 2.4 కోట్ల డాలర్ల క్రిప్టో కొట్టేసిన సంగతి నాకు తెలుసు. అది గుర్తొచ్చి చేతులు వణికాయి. ఎక్స్ఛేంజీ నుంచి పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ ఒకటి, వెంటనే ఇంకొకటి. ఆ లింకు తెరవాలంటే నా నంబరు లాక్కున్న దొంగలు ముందు నా జీమెయిల్‌లోకి రావాలి. నా నంబరు వాళ్ల చేతిలో ఉంది, నా ఓటీపీలన్నీ వాళ్లకే పోతున్నాయి. అయినా మెయిల్ తెరుచుకోలేదు. అక్కడ కీ పెట్టిన రోజే ఫోన్ నంబరు తీసేశాను కాబట్టి, దానికి కావలసింది నా జేబులో ఉన్న బిళ్ళ మాత్రమే. మా ఆవిడ తన ఫోన్‌లో మొబైల్ కంపెనీ వాళ్లతో మాట్లాడినంతసేపూ ఆ గుత్తిని పిడికిట్లో బిగించి పట్టుకునే ఉన్నాను. నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టాక తేలిందేమిటంటే, మేముండేది టెక్సస్‌లో, సిమ్ మార్చి ఇచ్చింది వేరే రాష్ట్రంలోని ఒక స్టోర్ కౌంటర్‌లో. అర్ధరాత్రికి నంబరు తిరిగొచ్చింది.

నేను ప్రధానంగా వాడే ఎక్స్ఛేంజీ ఖాతా పైసాతో సహా క్షేమం. కానీ 2017లో తెరిచిన పాత ఎక్స్ఛేంజీ ఖాతా ఒకటుంది. దానికీ కీ పెట్టాను. అయితే లాగిన్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో ‘కీ దగ్గర లేదా?’ అని ఉంటుంది, అది నొక్కితే ఎస్ఎమ్ఎస్ పోతుంది. పాస్‌వర్డ్ ఎప్పుడో లీకైనదే, నేను మార్చలేదు. దాదాపు 900 డాలర్ల ఈథర్ అనే క్రిప్టో పోయింది. కీ పెట్టేటప్పుడు ఎస్ఎమ్ఎస్ దారి మూసేయమంటారా అని ఆ ఎక్స్ఛేంజీ ఒక్క మాట అడగలేదు, ఆ కోపం నాకు ఇంకా పోలేదు. వీధి తలుపుకి ఇత్తడి తాళం వేయించి, పెరటి తలుపు గడియ తీసే ఉంచారు.

అందుకే, ‘కీ కొనుక్కోండి, చాలు’ అని నేను చాలామందికి చెప్పిన మాటలో ఆ ‘చాలు’ వెనక్కి తీసుకుంటున్నాను. కీ పెట్టాక ప్రతి ఖాతాలోంచీ ఫోన్ నంబరు తీసేయాలి. తర్వాత లాగౌట్ అయి, కీ లేనట్టే ‘వేరే మార్గం’ నొక్కి చూడాలి. ఎస్ఎమ్ఎస్ వస్తే ఆ ఖాతాలో డబ్బు ఉంచకండి. మొబైల్ కంపెనీ యాప్‌లో సిమ్ మార్చకుండా లాక్ పెట్టుకునే వీలుంటే అదీ ఆన్ చేసుకోండి. నేను మాత్రం ఆ రాత్రి తర్వాతే పెట్టుకున్నాను.

ఇండియా లెక్క వేరు. హైదరాబాద్‌లోని నా బ్యాంకు ఖాతాకి ఓటీపీ నా ఇండియా సిమ్‌కే వస్తుంది, అక్కడ ఈ కీ ఏమీ చేయలేదు. సిమ్ మారితే 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు ఆపాలని 2022లో టెలికాం శాఖ పెట్టిన నిబంధనే అక్కడ కొంత ధైర్యం. మా తమ్ముడు వాడే ఎక్స్ఛేంజీ కూడా కీని తీసుకోదు, ఆథెంటికేటర్ కోడే (ఎస్ఎమ్ఎస్ లేకుండా యాప్‌లోనే కొద్ది సెకన్లకోసారి మారే అంకెలు) అడుగుతుంది. అయితే ఆ కోడ్‌లను కూడా ఈ కీలోనే దాచుకోవచ్చని ఈ మధ్యే తెలిసింది.

నాది ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా కాస్త కొని పక్కన పెట్టే వ్యవహారం. పెద్ద మొత్తం ఉన్నవాళ్లు ఎక్స్ఛేంజీలో ఉంచడం కన్నా హార్డ్‌వేర్ వాలెట్ (క్రిప్టో తాళాలని మన దగ్గరే దాచుకునే చిన్న పరికరం) చూసుకోవడం మేలేమో. నా మటుకు నేను డిసెంబరులో ఊరెళ్లేటప్పుడు తమ్ముడికి ఒక జత తీసుకెళ్తున్నాను. వాడి పక్కన కూర్చుని ముందు వాడి ఖాతాల్లోంచి ఫోన్ నంబరు తీయిస్తాను, తర్వాతే కీ ఇస్తాను.