లోతు సముద్ర నక్షత్రాల వర్గీకరణకు వర్మ్స్ వెబ్‌సైటు: ఒక సమీక్ష

లోతు సముద్రాల్లో బతికే బ్రిసింగిడే కుటుంబపు సముద్ర నక్షత్రాల (స్టార్‌ఫిష్) గురించి చదవబోయేవారికి పేర్ల దగ్గరే చిక్కు మొదలవుతుంది. చిన్న గుండ్రటి నడిమి పళ్లెం, దాని చుట్టూ ఐదుకు మించి సన్నని ముళ్ల చేతులు ఉండే ఈ జీవులు ఆ చేతులను నీటి ప్రవాహంలోకి ఎత్తిపట్టి ఆహారాన్ని అందుకుంటాయి. వలలో పైకి లాగేటప్పుడు ఆ చేతులు సులువుగా ఊడిపోతాయి కనుక, శాస్త్రజ్ఞులు చాలాసార్లు ముక్కలను చూసే జాతులను నిర్ణయించవలసి వచ్చింది. ఆ తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి.

ఈ మార్పులను తెలుసుకోవడానికి నాకు అన్నింటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చినది వర్మ్స్, అంటే వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్ అనే సముద్ర జీవుల పేర్ల పట్టిక. దీనిని బెల్జియంలోని ఫ్లాండర్స్ మెరైన్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహిస్తోంది. వెతికి చదువుకోవడానికి రుసుము లేదు.

ఉదాహరణకు, 1872లో నార్వే జంతుశాస్త్రజ్ఞుడు జి. ఓ. సార్స్ పెట్టిన బ్రిసింగా కొరొనాటా అనే పేరుతో వెతికితే, ఆ పేరు ఇప్పుడు చెల్లదని, హైమెనోడిస్కస్ కొరొనాటా అన్నదే చెల్లుబాటు అయ్యే పేరని చూపుతుంది. కొత్త పేరు పక్కన సార్స్ పేరు, సంవత్సరం కుండలీకరణాల్లో ఉంటాయి. జాతిని మొదట చేర్చిన ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) నుంచి మరో ప్రజాతికి మార్చారనడానికి అదే గుర్తు. నార్వే సముద్రపు పాయలో దొరికిన జీవికి 1856లో ఆస్బ్యోర్న్‌సెన్ పెట్టిన బ్రిసింగా ఎండెకాక్నెమోస్ పేరు పక్కన ఆ గుర్తు ఉండదు, ఎందుకంటే అది నేటికీ అదే ప్రజాతిలో ఉంది. పాత పేరును తుడిచివేయకుండా కొత్తదానితో ముడిపెట్టి ఉంచడం ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చిన గుణం.

పై వర్గాల పేర్లకూ ఇలాగే, ఆ పేరు పెట్టినవారు, సంవత్సరం ఉంటాయి: బ్రిసింగిడే కుటుంబానికి సార్స్, 1875. దానికి పైనున్న క్రమం (ఆర్డర్) బ్రిసింగిడాకు ఫిషర్, 1928. అదే క్రమంలోని ఫ్రెయెల్లిడే కుటుంబానికి డౌనీ, 1986 అని వరుసగా కనిపిస్తాయి. మన బంగాళాఖాతం పేరుతో 1891లో వుడ్-మేసన్, ఆల్కాక్ వర్ణించిన బ్రిసింగా బెంగాలెన్సిస్ కూడా ఇందులో ఉంది. తూర్పు తీరంలో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులు దానిని తప్పక తెరిచి చూపాలి.

అయితే చేతిలో ఉన్న నమూనా ఏ జాతిదో ఇక్కడ తేలదు. ఆ పనికి మూల వ్యాసాలనే ఆశ్రయించాలి. మార్పుల చరిత్ర తేదీలతో సహా పుట అడుగున ఉంటుంది కనుక, విద్యార్థులు ఉదహరించేటప్పుడు తాము చూసిన తేదీని కూడా రాసుకోవడం అవసరం.