స్టెప్ 2లో 250 వస్తే మెడిసినా, రేడియాలజీయా, సర్జరీయా?

మార్చిలో మ్యాచ్ (అమెరికాలో డాక్టర్లకు రెసిడెన్సీ, అంటే పీజీ శిక్షణ సీట్లు కేటాయించే పద్ధతి) ఫలితాలు వచ్చినప్పటి నుంచి, అక్కడి లైసెన్సు పరీక్షల్లో ఒకటైన స్టెప్ 2 రాసిన జూనియర్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, స్టెప్ 2 సీకేలో 250 వచ్చింది. రేడియాలజీకి సరిపోతుందా, మెడిసిన్‌కే పోవాలా?" ఆ "మెడిసిన్‌కే" అనడంలోనే ఉంది తిరకాసంతా.

అది నీట్ పీజీ నేర్పిన లెక్క. అక్కడ ర్యాంకు వచ్చాక మన మొహం ఎవరూ చూడరు. ముందువాళ్లు తీసుకోగా మిగిలినదాంట్లో మనం ఎంచుకుంటాం. అమెరికాలో మెరిట్ లిస్టు లేదు. స్కోరు పని చాలావరకు ఇంటర్వ్యూ పిలుపు దాకానే. ఆ తర్వాత ప్రోగ్రాం, అంటే శిక్షణ ఇచ్చే ఆసుపత్రి, మనల్ని ఏ వరుసలో పెట్టింది, మనం దాన్ని ఏ వరుసలో పెట్టాం అన్నదే మ్యాచ్ చూస్తుంది. 2022 జనవరి నుంచి స్టెప్ 1 పాస్/ఫెయిల్ అయిపోయింది కాబట్టి వడపోతకు మిగిలిన అంకె స్టెప్ 2దే. పాసయ్యాక స్కోరు పెంచుకుందామని మళ్లీ రాయనివ్వరు. టెన్షన్ ఉండదా మరి! కానీ 250కీ 254కీ మధ్య నిద్ర పాడుచేసుకునేంత తేడా లేదు.

నన్నడిగితే స్కోరు కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. వీసా ఇచ్చి మనలాంటి ఐఎంజీలను (అమెరికా బయట మెడిసిన్ చదివినవాళ్లను) తీసుకునే ప్రోగ్రాములు ఆ బ్రాంచిలో ఎన్ని? అదే 250 ఒకచోట బలం, ఇంకోచోట మామూలు అంకె అయ్యేది అందుకే.

ఇంటర్నల్ మెడిసిన్‌లో ఏటా పది వేలకు పైగా సీట్లు. అమెరికాలో చదివినవాళ్లతోనే అవి నిండవు. చాలా కమ్యూనిటీ ఆసుపత్రుల్లో వార్డులు నడిపేది బయటి దేశాల డాక్టర్లే. అక్కడ 250 మంచి స్కోరు. మూడేళ్లయ్యాక కార్డియాలజీ, గ్యాస్ట్రో ఫెలోషిప్‌లు (సూపర్ స్పెషాలిటీ శిక్షణ) ఉండనే ఉన్నాయి. అప్పటికి మన స్టెప్ స్కోరు కంటే రెసిడెన్సీలో చేసిన పని, రీసెర్చ్, అక్కడి పెద్ద డాక్టర్లు చెప్పే మాట ఎక్కువ పనిచేస్తాయి.

రేడియాలజీలో 250 తక్కువేం కాదు. కానీ సీట్లే తక్కువ, వీసా ఇచ్చేవి ఇంకా తక్కువ. పైగా అబ్జర్వర్‌షిప్‌కి (అక్కడి ఆసుపత్రిలో పని గమనించడానికి) వెళ్తే రీడింగ్ రూంలో వెనక కుర్చీలో కూర్చుని చూడటమే పని. నాలుగు వారాలు అలా కూర్చున్న మనిషి గురించి గట్టి సిఫార్సు లెటర్ ఎవరైనా ఏం రాస్తారు? చాలా ప్రోగ్రాములకు మొదటి ఏడాది ఇంటర్న్‌షిప్ సీటు విడిగా వెతుక్కోవాలి. అదీ ఇదీ కలిపి ఐదేళ్లు.

సర్జరీ అనేవాళ్లు ముందు అది కేటగారికలా (పూర్తి శిక్షణ సీటా), ప్రిలిమినరీయా చూసుకోవాలి. ప్రిలిమినరీ అంటే ఏడాది సీటు. ఆ తర్వాత ఏమిటన్నదానికి హామీ లేదు. ఏడాదంతా రాత్రింబవళ్లు చాకిరీ చేసి, ఆ మధ్యలోనే మళ్లీ అప్లికేషన్లు పెట్టుకోవాలి. కేటగారికల్ ఇంటర్వ్యూలు రాకుండా ప్రిలిమినరీని నమ్ముకుని దిగడం నాకు నచ్చదు.

డెర్మటాలజీ, ఆర్థోలలో సీటు వచ్చిన అమెరికా విద్యార్థుల సగటే 255 దాటుతుంది. అక్కడ 250 పట్టుకుని మనం చేసేదేం లేదు. ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, పాథాలజీ మీద ఇష్టముంటే 250తో ధైర్యంగా వెళ్లొచ్చు.

నాకు వచ్చింది 249. మనసంతా రేడియాలజీ మీదే ఉండేది. రెండింటికీ పెట్టాను. రేడియాలజీ నుంచి ఒక్క పిలుపు, మెడిసిన్ నుంచి తొమ్మిది. చివరికి మెడిసిన్‌లోనే చేరాను కాబట్టి ఇటు మొగ్గుతున్నానేమో, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

మీరూ రెండింటికీ పెడుతుంటే పర్సనల్ స్టేట్‌మెంట్లు, లెటర్లు దేనికవే ఉంచండి, పంపేముందు ఇంకోసారి చూసుకోండి. నా బ్యాచ్‌మేట్ ఒకడు "చిన్నప్పటి నుంచీ ఎక్స్‌రేలంటే ప్రాణం" అని రాసిన స్టేట్‌మెంట్‌ను నలభై మెడిసిన్ ప్రోగ్రాములకు పంపాడు.