విశాఖ పక్షుల నడక: మా నాన్నతో నాలుగు వారాలు వెళ్ళాక రాస్తున్న రివ్యూ

దసరా అయిన వారం నుంచి వరసగా నాలుగు వారాలు మా నాన్నా నేనూ ఈ పక్షుల నడకలకు వెళ్ళాం. నడిపేది బోర్డు పెట్టుకున్న సంస్థేమీ కాదు, ముగ్గురు కుర్రాళ్ళు వాట్సాప్ గ్రూపులో పేర్లు రాసుకుని పది పన్నెండు మందిని తీసుకెళ్తున్నారు. మనిషికి నాలుగు వారాలకూ కలిపి 1,200 రూపాయలు, వ్యానూ టిఫినూ అందులోనే. ముడసర్లోవ, కంబాలకొండ, మేఘాద్రి గెడ్డ, చివర్లో కొండకర్ల ఆవ. డబ్బులు దండగ కాలేదు, మళ్ళీ వెళ్తాను కూడా. కానీ ఇందులో రెండు వారాలు చాలా బాగున్నాయి, ఒకటి పరవాలేదు, ఒకరోజు మాత్రం నాకు బాగా కోపం వచ్చింది. ఎందుకిలా అని ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది ఒక్కటే. మమ్మల్ని ఒకచోట కదలకుండా కూర్చోబెట్టిన రోజు పక్షుల్ని చూశాం, చూసిన పక్షుల లిస్టు పెంచాలని పరుగులు పెట్టించిన రోజు అవి ఎగిరిపోవడం చూశాం.

మొదటి వారం ముడసర్లోవ. ఐదున్నరకల్లా హనుమంతవాక దగ్గర ఉండమన్నారు, ఉన్నాం, వాళ్ళూ టైముకే వచ్చారు. వానలు వెనకబట్టి రిజర్వాయర్ నిండుగా ఉంది. గట్టు మీద చాపలు పరిచి, నలభై నిమిషాలు ఎవరూ లేవొద్దు, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి అన్నారు. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు, మా వెనకాల కూర్చున్న ఆవిడ ఆవులించడం కూడా వినిపించింది. తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. 2018లో మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ఈ నీళ్ళ మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలేలా పెట్టింది కదా, వాటి మీద నీటికాకులు వరసగా నిలబడి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. బాతు ఈకల మీద నీళ్ళు జారిపోతాయి, నీటికాకి ఈకలు మాత్రం తడుస్తాయి, తడిస్తేనే నీటి లోపలికి మునగడం సులువు, అందుకే బయటికొచ్చాక ఇంత సేపు ఆరాలి అని వాళ్ళలో ఒకబ్బాయి చెప్పాడు. చిన్నప్పటి నుంచీ వాటిని అలా చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

అంతలో గట్టు సిమెంటు మీద ఒక సన్నటి పిట్ట, కింద పసుపు, పైన బూడిద రంగు, తోక ఆగకుండా కిందికీ పైకీ ఊపుతూ పరిగెత్తింది. ఆ అబ్బాయి గ్రే వ్యాగ్‌టెయిల్ అన్నాడు. మా నాన్న "కాటుక పిట్టల జాతిది కదూ?" అన్నారు. అబ్బాయి మొహంలో వెలుగు చూడాలి! వేసవంతా హిమాలయాల వైపు సెలయేళ్ళ దగ్గర గూడు కట్టుకుని, చలి మొదలవగానే కిందికి దిగే పిట్ట ఇది. మనకి శరత్కాలం వచ్చిందని క్యాలెండర్ కన్నా ముందు ఇదే చెబుతుంది. తుమ్మ కొమ్మ చివర కూర్చున్న బ్రౌన్ ష్రైక్‌నీ చూపించారు. అది సైబీరియా, మంగోలియా వైపు నుంచి వస్తుందట, పోయినేడాది చలికాలం గడిపిన చోటికే మళ్ళీ రావడం దీనికి అలవాటట. ఎవరో పిలిచినట్టు అంత దూరం నుంచి ఆ తుమ్మచెట్టుకే వస్తుందేమో అనుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

బైనాక్యులర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఇక్కడే ఇబ్బంది. వాళ్ళ దగ్గర అద్దె లేకుండా ఇచ్చేవి రెండు రకాలున్నాయి. నాన్నకి పెద్దది, అంటే 10x50 ఇచ్చారు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో), పెద్దది కాబట్టి బాగా కనిపిస్తుందని. పాపం ఆయన చేతులు కొంచెం వణుకుతాయి, పది రెట్లు పెద్దదిగా చూపించే అద్దం ఆ వణుకునీ పది రెట్లు చేసి చూపించింది, ఒక్క పిట్టా నిలకడగా కనపడలేదు. 8x42 అడిగి తీసుకుంటే వెంటనే కుదురుకుంది, బరువూ తక్కువే. ఇక తెల్లవారుజాము మసక వెలుతురులో చిన్నది పనికిరాదేమో అన్న భయం అక్కర్లేదు. 50ని 10తో భాగిస్తే 5, 42ని 8తో భాగిస్తే 5 కన్నా కాస్త ఎక్కువే, అంటే కంటికి అందే వెలుగు ఇంచుమించు సమానం. కొనాలనుకునేవాళ్ళు కూడా 8x42తోనే మొదలుపెట్టండి.

రెండో వారం కంబాలకొండ. ఊరిని ఆనుకుని సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి ఉండటం మన అదృష్టం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక ఈ కొండలు ఎంత మోడుబారి కనిపించాయో చూసినవాళ్ళకి, ఇప్పుడు ఆ నీడలో నడుస్తుంటే ప్రాణం లేచొస్తుంది. అడవిలో పక్షులు చూడటం చెరువు దగ్గరలా కాదు, అరగంట అడవంతా ఖాళీగా ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా పది రకాలు కలిసి మీద పడతాయి. మాకూ అలాగే జరిగింది. వడ్రంగి పిట్ట, పికిలి పిట్టలు, తలనల్లని పసుపు ఓరియోల్, వాటి వెంట పొడుగాటి తోక ఈకలు రెండు వేలాడేసుకుని ర్యాకెట్ టెయిల్డ్ డ్రాంగో. మిగతావి ఆకుల్లో కదిపి లేపిన పురుగుల్ని ఇది గాల్లోనే పట్టేసుకుంటుంది. బదులుగా డేగ కనపడితే ముందు అరిచేదీ ఇదే. వేరే పక్షుల గొంతులు అనుకరించడంలో ఘటికురాలు కూడా. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ పట్టుకుని మేము అటూ ఇటూ వెతుకుతుంటే, అది విని పేరు చెప్పిన గొంతు చాలాసార్లు ఈ డ్రాంగోదే. యాప్ వాడండి, ఉచితమే, కానీ కంటితో చూడకుండా లిస్టులో రాసుకోకండి.

నాకు నచ్చనిది ఒకటి ఇక్కడే మొదలైంది. కనపడని ఒక పిట్ట కోసం స్పీకర్‌లో దాని కూత పెట్టి పిలిచారు. అది వచ్చింది, అందరూ ఫోటోలు తీసుకున్నారు. తన చోటులోకి వేరే పక్షి చొరబడిందనుకుని మేత మానేసి పోట్లాటకి వచ్చింది అది! మాకు ఫోటో, దానికి టెన్షన్. వాళ్ళకి చెప్పాను, ఒక్కసారే కదా సార్ అన్నారు. ఒక్కసారి కాదు, ప్రతి వారం ప్రతి బ్యాచ్ వచ్చి ఒక్కసారే పెడితే దాని గతి ఏమిటి?

మూడో వారం మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్ గురించి ఎక్కువ రాయను. వ్యాను గంటకు పైగా ఆలస్యం. ఎండ ఎక్కాక చేరాం, పోయిన టైము పూడ్చుకోవాలని నాలుగు చోట్ల దింపి ఎక్కించారు, ఎక్కడా పది నిమిషాలు నిలవలేదు. గార్గనీ బాతుల గుంపు ఒకటి దూరంగా నీళ్ళలో ఉంది. చలికి ఉత్తరం నుంచి ముందుగా దిగే బాతుల్లో ఇవి ఒకటి. ఎగురుతున్న ఫోటో కావాలని కెమెరాల వాళ్ళు ఇద్దరు గట్టు దిగి వాటి మీదికి నడిచారు, నడిపించేవాళ్ళు ఆపలేదు. గుంపంతా లేచింది, చుట్టు తిరిగి దిగింది, మళ్ళీ లేపారు. సుమారు 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస దారిలో వచ్చి, ఒంట్లో కొవ్వంతా కరిగించుకుని వాలిన ప్రాణులవి. తిని కోలుకోవాల్సిన వేళ వాటిని ఊరికే ఎగరగొట్టడం అంటే నోటి దగ్గర కూడు లాక్కోవడమే. నాన్న ఆ రోజు టిఫిన్ కూడా తినలేదు.

ఆ రాత్రి గ్రూపులో ఇదంతా రాశాను, గట్టిగానే రాశాను. మెచ్చుకోవాల్సింది ఏమిటంటే వాళ్ళు సంజాయిషీలు చెప్పలేదు. నీటి పక్షులకు ఎంత దూరంలో ఆగాలో తామే చెబుతామని, స్పీకర్ మానేస్తామని రాశారు. నాలుగో వారం కార్తీకమాసం ఆదివారం, ఎక్కడ చూసినా వనభోజనాలు, మైకులు ఉంటాయి కాబట్టి శనివారానికి మార్చమన్నాను. మార్చారు.

కొండకర్ల ఆవ కోసమైనా ఈ ప్యాకేజీ తీసుకోవచ్చు. కొల్లేరు తర్వాత మన రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సు ఇదే అంటారు. అచ్యుతాపురం దగ్గర, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వస్తుంది. తాటి మొద్దులు తొలిచి రెండింటిని కలిపి కట్టిన దోనెల మీద తీసుకెళ్తారు, మోటారు ఉండదు, గెడతో నెట్టడమే. నీళ్ళు చేతికి అందేంత కిందుగా కూర్చుంటాం. నాన్న పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కల ఊళ్ళోనే, దోనె ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకోబోతే "వదలరా, నాకు తెలుసు" అన్నారు.

తామరాకుల మీద పొడుగు వేళ్ళేసుకుని నడిచే జకానాలు కనిపించాయి. ఫోటోల్లో ఉండే ఆ పొడుగు తోక లేదేమిటని మా బ్యాచ్‌లో ఒకరు నిరాశపడ్డారు. గూడు కట్టే కాలం అయిపోయాక ఆ తోక రాలిపోతుందట. గుడ్లు పొదిగేది మగదేనట, ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి వెళ్ళిపోతుందట. ఊదారంగు నీటికోళ్ళు తుంగలో జమ్ము కాడల్ని కాలితో పట్టుకుని కొరుకుతున్నాయి. కుర్రాడు లెస్సర్ విజ్లింగ్ డక్ అని ఒక గుంపు చూపిస్తే నాన్న వెంటనే "ఏటి బాబూ ఆ పేరు, అవి చిలువలు" అన్నారు. "రాత్రిళ్ళు ఈలేసుకుంటా వరి చేలల్లో దిగేవి. మా నాయన నులకమంచం మీద పడుకుని అదిగో వచ్చేసినాయి అనీవోడు." కుర్రాడు గెడ వేసే ఆయన్ని ఆపమని, జేబులోంచి పుస్తకం తీసి, తాతగారూ ఇంకోసారి చెప్పండి అన్నాడు. దోనె తామరల మధ్య కదలకుండా నిలిచింది. అరగంట నాన్న పేర్లు చెబుతూనే ఉన్నారు, బొల్లికోడి, నారాయణ పక్షి, లకుముకి, నత్తగుల్ల కొంగ, ఆ అరగంటా చిలువలు మాకు ఇరవై గజాల్లో కళ్ళు మూసుకుని తేలుతూనే ఉన్నాయి.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. కార్తీకమాసంలో శనివారం బ్యాచ్ కావాలని అడగండి. ఎర్ర, తెల్ల చొక్కాలు వద్దు. టిఫిన్ బాగుంటుంది కానీ ఇచ్చే నీళ్ళ సీసాలు చాలవు, సొంతవి పట్టుకెళ్ళండి. పెద్దవాళ్ళు ఉంటే దోనె ఎక్కేచోట బురద ఉంటుందని ముందే చెప్పి ఉంచండి. డిసెంబర్ బ్యాచ్‌కి మళ్ళీ ముడసర్లోవ పెట్టారు, మా ఇద్దరి పేర్లూ నాన్నే ఇచ్చేశారు.