కవర్లు మానేద్దామని వాడిన సంచులు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందే చెప్పేస్తా, నేను వాడినవాటిలో గెలిచింది మడత సంచి, అదే, గుప్పెట్లో పట్టే చిన్న పౌచ్‌లోకి దూరిపోయే పాలిస్టర్ సంచి. అవును, పాలిస్టర్ కూడా ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ మానేద్దామని బయల్దేరి ప్లాస్టిక్‌కే మార్కులు వేస్తున్నావా అంటారేమో, కాస్త ఓపిగ్గా చదవండి.

ప్లాస్టిక్ కవరు బలమంతా ఒక్కటే, దాన్ని ఇంటినుంచి గుర్తుపెట్టుకుని తీసుకెళ్లక్కర్లేదు. 1965లో స్వీడన్‌కి చెందిన సెల్లోప్లాస్ట్ కంపెనీ పేటెంట్ పొందిన కవరు అది, రూపొందించింది స్టెన్ గుస్టాఫ్ థులిన్ అనే ఇంజనీరు, ఇవాళ్టికీ ఆకారం పెద్దగా మారలేదు. కొన్ని గ్రాముల బరువుండి కిలోలు మోసే ఆ కవరుతో పోటీ పడాలంటే ఏ సంచైనా ముందు మన దగ్గర ఉండాలి కదా. తలుపు వెనక మేకుకి వేలాడే సంచి పర్యావరణానికి ఎంత మంచిదైతే ఏం లాభం, మనం కొట్టు దగ్గర నిలబడి ఉంటే.

మడత సంచి కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, పౌచ్. పౌచ్ సంచికే కుట్టి ఉండాలి. విడిగా ఇస్తే వారంలో పోతుంది, ఆ తర్వాత సంచి కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. పద్ధతిగా మడతలు పెట్టి బటన్ నొక్కాల్సిన రకం చూడ్డానికి బావుంటుంది గానీ, బిల్లు కట్టి వెనకాల జనం తోస్తుంటే ఎవడికి ఓపిక, ఎలాగోలా కుక్కేసి తాడు లాగే రకమే మేలు. హ్యాండిల్స్ వెడల్పుగా ఉండాలి, సన్నవైతే బరువుకి వేళ్లు కోసుకుపోతాయి. హ్యాండిల్ సంచిని కలిసే చోట చదరంగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ మార్కు కుట్టు ఉందో లేదో చూడండి, ఒక్క వరస కుట్టు మాత్రమే ఉంటే వదిలేయండి. లోపాలు లేవని కాదు: పెట్టె మూల గుచ్చుకుంటే చిరుగుతుంది, కింద పెడితే నిలబడదు, మెషిన్‌లో ఉతికితే సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి పోతాయి. అందుకే నేను చేత్తో జాడించి ఆరేస్తా, ఇట్టే ఆరిపోతుంది. ఐదుకి నాలుగు.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన కాటన్ సంచి. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ వేసిన లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి. మామూలు కవరుని ఇంకోసారి చెత్తడబ్బాలో వాడి పడేయడం కంటే నష్టం ఎక్కువ కాకూడదంటే, వాతావరణం వేడెక్కడం వరకే లెక్కేసినా కాటన్ సంచిని కనీసం 52 సార్లు వాడాలట. నీళ్లు, ఓజోన్ పొర అన్నీ కలిపితే 7,100 సార్లు, ఆర్గానిక్ కాటన్‌కైతే 20,000, ఎందుకంటే దానికి దిగుబడి తక్కువ. ఈ పెద్ద అంకెలు పట్టుకుని కవరే మంచిదని వాదించేవాళ్లు చాలామంది, నేను ఒప్పుకోను. 7,100 అనేది ప్రధానంగా ఓజోన్ పొర అనే ఒక్క పద్దు వల్ల వచ్చింది, పైగా కాలవలో పడ్డ కవరు, ఆవు మింగిన కవరు ఆ లెక్కలోకే రావు. బ్రిటన్‌లో 2011లో వచ్చిన నివేదిక వాతావరణం లెక్కనే తీసుకుని, ఒకసారి వాడి పడేసే పల్చటి కవరుతో పోల్చి 131 సార్లు అంది. వారానికి ఒకసారి వాడినా రెండున్నరేళ్లు, మంచి గుడ్డ అంతకాలం ఉండదా ఏంటి! కాకపోతే ఇంట్లో ఇప్పటికే ఊరికే వచ్చిన కాటన్ సంచులు పేరుకుపోయి ఉంటే ఇంకోటి కొనడం మాత్రం శుద్ధ దండగ. పాత దుప్పటితోనో, మోకాలు చిరిగిన జీన్స్‌తోనో కుట్టిస్తే ఈ లెక్కలతో పనే లేదు.

నాకు నిజంగా ఒళ్లు మండేది నాన్ వోవెన్ సంచిని చూస్తే. గుడ్డలా నటించే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ అది. దగ్గరగా చూడండి, నేత కనపడదు, లాగడానికి పోగు రాదు, వేడితో అద్దిన చుక్కలు మాత్రం కనిపిస్తాయి. మందంగా ఉన్నదాన్ని మళ్లీ మళ్లీ వాడితే తప్పేం లేదు, ఆ బ్రిటన్ నివేదిక ప్రకారం 11 సార్లు చాలు. కానీ ఊరికే ఇచ్చే పల్చటివి అంతవరకూ బతకవు, ఎండ తగిలితే పొడిపొడిగా రాలతాయి. పైగా మీద ఆకు బొమ్మ! ఐదుకి ఒకటి.

గోనె సంచి బరువులకి బ్రహ్మాండం, తడిస్తే బూజు పడుతుంది, లోపల ప్లాస్టిక్ పొర అంటించనిది చూసి కొనండి. కాగితం సంచి గురించి చెప్పడానికేం లేదు, వాన లేని రోజు వస్తువు.

'మట్టిలో కలిసిపోతుంది' అని రాసున్న కవర్లతో జాగ్రత్త. యూరప్‌లో కంపోస్టబుల్, అంటే కుళ్లి ఎరువులో కలిసేది, అని ముద్ర వేయడానికి ఈఎన్ 13432 అనే ప్రమాణం ఉంది, అందులో ఆరు నెలల్లో 90 శాతం విచ్ఛిన్నం కావాలి, అదీ పారిశ్రామిక కంపోస్టులో ఉండే 58 డిగ్రీల దగ్గర వేడిలో. పెరట్లో గుంటకి అంత వేడి ఎక్కడిది? 2019లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు, బయోడిగ్రేడబుల్ అని అమ్మిన కవరు మూడేళ్లు మట్టిలో ఉన్నాక కూడా సరుకులు మోసింది. కంపోస్టబుల్‌ది సముద్రంలో మూడు నెలల్లో మాయమైంది గానీ మట్టిలో 27 నెలలకి కూడా ముక్క మిగిలే ఉంది, కాకపోతే బరువు ఆపలేకపోయింది.

ఇక అందరూ అడిగే ప్రశ్న, కవర్లు మానేస్తే చెత్తడబ్బాలో ఏం వేయాలి? ఇది చిన్న విషయం కాదు. కాలిఫోర్నియాలో కవర్ల నిషేధం మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, 4 కోట్ల పౌండ్ల బరువున్న కవర్లు తగ్గితే కొనుక్కునే చెత్త కవర్లు 1.2 కోట్ల పౌండ్లు పెరిగాయని తేలింది. నేను పొడి చెత్త డబ్బాకి ఏమీ వేయను, అవసరమే లేదు. తడి చెత్తకి అడుగున పాత పేపరు వేసి, పారబోశాక డబ్బా కడుగుతా. వాసన వస్తుందంటే కడగడం ఆలస్యమైందని అర్థం.