ఎపాక్సీ పూత నేల: ఏళ్ల తరబడి వాడిన మీదట

మా ఇంట్లో వాహనాలు నిలిపే చోటా, దాన్ని ఆనుకుని ఉన్న చిన్న వర్క్‌షాపులోనూ ఎపాక్సీ పూత వేయించి ఏళ్లు గడిచాయి. వాహనాల చోట వేసింది రంగులా రోలరుతో పూసే పలుచని రకం. వర్క్‌షాపులో వేసింది పోయగానే తనంతట తానే సమంగా పరుచుకుని, రెండు మిల్లీమీటర్ల మందాన గట్టిపడే రకం. రెండింటినీ పక్కపక్కనే వాడుతూ వచ్చాను కాబట్టి ఒక మాట నమ్మకంగా చెప్పగలను. ఈ నేలకు మురికి చేసే చెరుపు తక్కువ, ఆ మురికిని వదిలించడానికి మనం వాడే సరుకు చేసే చెరుపు ఎక్కువ. పూత వేసేవాళ్లు సాధారణంగా చెప్పే "మెయింటెనెన్స్ అక్కర్లేదు" అన్న మాటను సగానికి తగ్గించి వినడం మంచిది.

సుఖం ఎక్కడ ఉందో ముందు చెబుతాను. రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిసి రసాయనిక చర్య జరిగి గట్టిపడిన పొర ఇది. మామూలు కాంక్రీటుకు ఉండే సూక్ష్మరంధ్రాలు దీనికి ఉండవు. ఇంజిన్ ఆయిల్ చుక్క కాంక్రీటు మీద పడితే లోపలికి ఇంకి నల్లటి మచ్చగా మిగిలిపోతుంది, ఇక్కడ మాత్రం పైనే నిలిచి ఉంటుంది. మర్నాడు చూసుకుని పాతగుడ్డతో తుడిచినా ఆనవాలు లేకుండా పోతుంది. సిమెంటు నేల నుంచి ఎప్పుడూ లేచే సన్నటి పొడి కూడా ఉండదు, కాబట్టి పనిముట్ల మీద దుమ్ము పేరుకోవడం బాగా తగ్గింది.

అయితే ఎంత గట్టిదైనా ఇది చివరికి ప్లాస్టిక్ జాతి పదార్థమే. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ దీనికన్నా ఎన్నో రెట్లు కఠినం. చెప్పుల కింద చిక్కిన ఇసుక రేణువు ప్రతి అడుగుకూ ఒక సన్నటి గీత గీస్తుంది. రాత్రి పూట దీపాలు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వేసి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. గుమ్మం దగ్గర రెండు మూడు అడుగుల మేర గీతలన్నీ అల్లుకుపోయి పొగమంచు పట్టినట్టు మసకగా ఉంటుంది, ఎవరూ తొక్కని మూలలో మాత్రం వేసిన నాటి నిగారింపు అలాగే ఉంటుంది. పూత ఒకటే, వయసూ ఒకటే, తేడా అంతా ఇసుకదే. అందువల్ల నా దృష్టిలో ఈ నేల సంరక్షణలో ముప్పాతిక వంతు పొడి తుడుపే. వెడల్పాటి మైక్రోఫైబర్ డస్ట్ మాప్‌తో రోజూ ఒకసారి తోసుకుంటూ పోతే చాలు. గట్టి పుల్లల చీపురు ఇసుకను ఎత్తదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఈడుస్తుంది.

ఇసుకను ఆపడానికి గుమ్మం దగ్గర పట్టా వేయడం సహజంగా తోచే ఉపాయం, వేయాల్సిందే. కాకపోతే అడుగున రబ్బరు ఉన్న పట్టాలు ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటే రబ్బరులోని పదార్థాలు పూతలోకి దిగి పసుపు, గోధుమ రంగు మరక పడుతుంది. ఆ మరక పైపైన ఉండేది కాదు కాబట్టి ఏ ద్రావణానికీ లొంగదు. బట్ట అడుగున్న పట్టా వేయాలి. రబ్బరుదే ఉంటే తరచూ ఎత్తి, కింద ఆరనిచ్చి, స్థానం మారుస్తూ ఉండాలి.

ఇక తడి తుడుపు. గోరువెచ్చని నీరు, అందులో పీహెచ్ 7కు దగ్గరగా ఉండే, అంటే ఆమ్లమూ క్షారమూ కాని తటస్థ క్లీనర్ చాలా కొద్దిగా, ఇంతకు మించి మామూలు రోజుల్లో ఏమీ అవసరం లేదు. సబ్బు ఎంత ఎక్కువ వేస్తే అంత శుభ్రమన్న నమ్మకం ఈ నేల దగ్గర పూర్తిగా తిరగబడుతుంది. రంధ్రాలు లేని నేల కాబట్టి మిగిలిన సబ్బు ఎక్కడికీ పోదు, ఆరి సన్నటి పొరగా నిలుస్తుంది. ఆ పొర మీద ప్రతి పాదముద్రా కనిపిస్తుంది, కొత్త దుమ్ము ఇట్టే అంటుకుంటుంది, నీరు పడితే జారుతుంది. చూసేవారు మురికి పోలేదనుకుని ఇంకాస్త సబ్బు వేస్తారు, పొర ఇంకాస్త మందమవుతుంది. మెరుపు తగ్గిందనిపించినప్పుడు తెల్లటి గుడ్డను శుభ్రమైన నీటిలో తడిపి ఒక చోట గట్టిగా రుద్ది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గుడ్డ జిడ్డుగా మారి, రుద్దిన చోట మాత్రం మెరుపు తిరిగి వస్తే పూతకు ఏమీ కాలేదన్న మాట. అప్పుడు నీళ్లలో కొద్దిగా అమోనియా కలిపి ఒకసారి తుడిచి, మంచినీటితో కడిగి, వైపర్‌తో లాగేస్తే సబ్బుపొర వదులుతుంది. అమోనియా వాడే రోజు బ్లీచ్‌ను ఆ ఛాయలకు కూడా రానివ్వకూడదు, రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమీన్ వాయువు వెలువడుతుంది.

దూరం పెట్టవలసినవాటిలో మొదటిది ఆమ్లం. టైల్స్ మీద తెల్లమచ్చలు పోగొట్టే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ద్రావణాలే కాదు, "సహజం" అన్న పేరుతో అందరూ సలహా ఇచ్చే వెనిగర్, నిమ్మరసం కూడా పదే పదే వాడితే మెరుపును తినేస్తాయి. పైన్ నూనె ఉండే ఫినాయిల్ రకాలు పూతను పాడు చేయవు గానీ జిడ్డు మిగులుస్తాయి. మరకలను అద్భుతంగా చెరిపే తెల్లటి మెలమైన్ స్పాంజి నిజానికి చాలా సన్నటి ఉప్పుకాగితం లాంటిది. మరకతో పాటు దాని చుట్టూ ఉన్న మెరుపునూ చెరిపి, మరక ఉన్నచోట ఒక మసక వలయాన్ని వదులుతుంది. స్టీలు పీచు సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

వాహనాల చోట పలుచని పూత అంత బాగా నిలవలేదు. దూరం తిరిగొచ్చిన కారు టైర్లు వేడిగా ఉంటాయి. ఆ వేడికి పూత కొంచెం మెత్తబడుతుంది, టైరు చల్లారుతూ ముడుచుకునేటప్పుడు కింది పొరను పట్టి లాగుతుంది. నల్లటి టైరు మరకల మీద జిడ్డు వదిలించే డీగ్రీజర్ పోసి కాసేపు ఉంచి నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలా వరకు పోయాయి. కానీ రెండు చోట్ల పూత పెచ్చుగా లేచింది. లేచిన పెచ్చును పారేయకుండా తిరగేసి చూడాలి. అడుగున సిమెంటు పొడి అంటుకుని ఉంటే కాంక్రీటు పైపొరే బలహీనమని, దాన్ని గ్రైండింగ్‌తో తొలగించలేదని అర్థం. అడుగు నున్నగా, శుభ్రంగా ఉంటే పూతకు పట్టు దొరకలేదని అర్థం. మా పెచ్చుల వెనుక బూడిదరంగు పొడి దట్టంగా ఉంది. వేసినవారు "ఎక్కువ నీళ్లతో కడిగారు" అని తేల్చేశారు గానీ, ఆ పొడి వేరే మాట చెబుతోంది.

బ్రేక్ ఫ్లూయిడ్, బ్యాటరీ యాసిడ్ నేల మీద పడితే ఆరే దాకా ఆగకూడదు. మొదటిది పూతను మెత్తబరుస్తుంది. రెండోదాని మీద వంటసోడా చల్లి, నురగ ఆగాక నీటితో కడగాలి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ పడితే ఇక కడిగేందుకు ఏమీ మిగలదు, అది పూతనే ఊడదీస్తుంది.

షట్టరు ఎత్తగానే ఎండ పడే పట్టీ అంతా లేత బూడిదరంగు నుంచి పసుపులోకి తిరిగింది. ఇది అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీలో వచ్చే మార్పు, మురికి కాదు, కాబట్టి ఎన్ని క్లీనర్లు మార్చినా ఫలితం ఉండదు. ఎండ పడే చోట ఎపాక్సీ మీద ఎండకు పసుపెక్కని అలిఫాటిక్ పాలీయురిథేన్ రకం పైపూత వేయించడమే మార్గం. గీతలను కూడా అది మెరుగ్గా తట్టుకుంటుంది. మళ్లీ వేయిస్తే అది లేకుండా ఒప్పుకోను.

తడిస్తే జారడం ఈ నేలకున్న అసలు లోపం. వర్క్‌షాపు గుమ్మంలో జారకుండా అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు చల్లి పూత వేశారు. అడుగు నిలుస్తుంది గానీ మాప్ గుడ్డ పోగులు ఆ గరుకులో చిక్కుకుంటాయి, మురికి రేణువుల మధ్య కూర్చుంటుంది. అక్కడ మాప్ పనికిరాదు. పొడవాటి పిడి ఉన్న నైలాన్ బ్రష్‌తో రుద్ది, మురికినీటిని వెట్ వాక్యూమ్‌తో పీల్చేయాలి.

మెరుపు పోయిందని మైనం పూయమని సలహా ఇచ్చేవారున్నారు. నేను పూయలేదు. మైనం జారుడును పెంచుతుంది, రేపు పైన కొత్త పూత వేయించాలంటే దాన్నంతా మళ్లీ వదిలించాలి. గుమ్మం దగ్గర మసకబారిన భాగాన్ని 120 నంబరు ఉప్పుకాగితంతో ఎక్కడా మెరుపు మిగలకుండా సమంగా రుద్ది, వాక్యూమ్ చేసి, తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక ఒక పైపూత వేయించాను. మర్నాటికి నడవనిచ్చింది, బరువైన వస్తువులను మాత్రం వారం దాకా పెట్టలేదు. కొత్త ముక్క అంచు పాతదానితో పూర్తిగా కలవలేదు, వెలుతురులో గీతలా కనిపిస్తుంది. అతుకు కనపడకూడదనుకునేవారు గోడ నుంచి గోడ దాకా, లేదా నేలలో ఉన్న జాయింట్ దాకా వేయించుకోవాలి. రంగు, బ్యాచ్ నంబరు రాసి ఉన్న డబ్బా మూతను మొదటి రోజే దాచుకుంటే ఆ పని సులువవుతుంది.