ఎన్‌కై ఆర్‌పీఎఫ్1 17×9: పెద్ద బ్రేకుల మీద పడుతుందా, పట్టేస్తుందా?

టయోటా జీఆర్86కో, సుబారు బీఆర్‌జెడ్‌కో ట్రాక్ డేల కోసం పెద్ద బ్రేకులు వేయించాక అందరూ అడిగేది ఒకటే: "17 అంగుళాల వీల్ పడుతుందా, 18కి పోవాలా?" ఇంచులు లెక్కపెడితే దీనికి జవాబు దొరకదు. 17లోనే ఒక వీల్ నాలుగు పిస్టన్ల బ్రెంబో (బ్రేకుల కంపెనీ) కాలిపర్ మీద, అంటే డిస్కును పట్టి నొక్కే భాగం మీద హాయిగా తిరుగుతుంది. అదే వెడల్పు, అదే ఆఫ్‌సెట్ ఉన్న ఇంకో వీల్ మొదటి చుట్టులోనే కాలిపర్ రంగు గీకేస్తుంది. తేడా అంతా స్పోకు లోపలి వైపు ఒంపులో ఉంటుంది. కేటలాగులో ఆ ఒంపుకు అంకె ఉండదు. జపాన్ కంపెనీ ఎన్‌కై చేసే ఆర్‌పీఎఫ్1 వీల్ ఇన్నేళ్లుగా ప్యాడక్‌లో (ట్రాక్ దగ్గర కార్లు నిలిపే చోట) కనబడుతోందంటే తేలికదనం ఒక కారణం, ఆ ఒంపు ఇంకో కారణం. ఇక్కడ మాట్లాడుకునేది 17×9 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు), ఆఫ్‌సెట్ +45 (వీల్ నడిమి గీత నుంచి హబ్ ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో), 5×100 (100 మి.మీ. వలయం మీద ఐదు నట్టు రంధ్రాలు) సైజు గురించి.

ముందు బ్రేకుల సంగతి. జీఆర్86కు మామూలుగా వచ్చే ముందు డిస్కు 300 మి.మీ., కాలిపర్ జారే రకం. పర్ఫార్మెన్స్ ప్యాకేజీలో వచ్చే బ్రెంబోకు ముందు 326, వెనక 316. 18 అంగుళాల వీల్స్ ఉన్న కారు మీద ఇవి చూసి "బ్రెంబో అంటే 18 ఉండాల్సిందే" అనుకునేవాళ్లు చాలామంది. కానీ 2017 బీఆర్‌జెడ్ పర్ఫార్మెన్స్ ప్యాకేజీకి ఇదే 326 డిస్కు మీద కంపెనీయే 17×7.5 వీల్ ఇచ్చింది. అంటే చుట్టుకొలత వైపు చోటు ఉంది. ఇరుకు ఎక్కడుందంటే ముఖం వైపు. స్థిర కాలిపర్‌లో పిస్టన్లు రెండు వైపులా ఉంటాయి కాబట్టి బయటి సగం డిస్కు దాటి స్పోకుల మీదకు పొడుచుకొస్తుంది. జారే కాలిపర్‌లో పిస్టన్లన్నీ లోపలి వైపే, బయట పలచటి వేళ్లలాంటి భాగం మాత్రమే. అందుకే 300 డిస్కున్న జారే కాలిపర్ మీద పట్టిన వీల్, 299 మి.మీ. డిస్కున్న రేసింగ్ కాలిపర్ కిట్ మీద పట్టకపోవచ్చు. డిస్కు ఒక మిల్లీమీటరు చిన్నదైనా సరే.

ఆర్‌పీఎఫ్1 ఆరు జంట స్పోకులు హబ్ దగ్గర నుంచి లోపలికి కుంగకుండా, బయటికి ఉబ్బుతూ వెళ్లి రిమ్ అంచుని అందుకుంటాయి. గిన్నెలా లోపలికి దిగిన ముఖం ఫోటోల్లో భలే ఉంటుంది గానీ ఆ లోతంతా కాలిపర్ చోటులోంచి కోసిందే. ట్రాక్ కారుకి ఆ అందం దండగ.

కొనేముందు కొలవాల్సినవి కొలవండి. బ్రేక్ కిట్లు అమ్మే మంచి కంపెనీలు కాలిపర్ ఆకారానికి కాగితపు టెంప్లేటు ఇస్తాయి. ప్రింట్ తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్నది తీసేసి 100 శాతం పెట్టండి. దాని మీద ఇచ్చిన గీతను స్కేలుతో ఒకసారి సరిచూడండి, ఎందుకంటే మూడు శాతం కుదించుకుపోయినా మీకు లేని గ్యాప్ ఉన్నట్టు కనిపిస్తుంది. మందపాటి అట్టకు అంటించి కత్తిరించి, టైరు లేని వీల్‌ను బోర్లా పెట్టి, హబ్ ఆనే ముఖానికి టెంప్లేటు ఆనించి నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. స్పోకుకు 3 మి.మీ. ఉంటే నిశ్చింత. 2 అయితే భయపడుతూ నడపాలి. అంతకన్నా తగ్గితే వేరే వీల్ చూసుకోవడమే. మలుపులో బరువంతా ఒక చక్రం మీద పడ్డప్పుడు వీల్ కొంచెం వంగుతుంది, బేరింగులో కొంత ఆట ఉంటుంది, వేడికి కాలిపర్ సాగుతుంది. గ్యారేజీలో దొరికిన ఒక్క మిల్లీమీటరు ట్రాక్ మీద మిగలదు.

వీల్, బ్రేకు రెండూ చేతిలో ఉంటే ఇంకా నమ్మకమైన పద్ధతి ఉంది. కాలిపర్ బయటి ముఖం మీద ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి 5 మి.మీ. మందాన అద్దండి. చపాతీ పిండి ముద్ద అయినా పనిచేస్తుంది, కాస్త గట్టిగా కలపాలి అంతే. పైన, బ్లీడ్ నిపిల్ (బ్రేకుల్లో గాలి తీసే చిన్న మర) పక్కన కూడా ఒక ముద్ద పెట్టండి. వీల్ ఎక్కించి, ఎదురెదురుగా రెండు నట్లు చేత్తో బిగించి, చేత్తోనే ఒక చుట్టు తిప్పి తీసేయండి. ముద్ద మీద స్పోకు నొక్కిన గాడి కనబడుతుంది. అక్కడ బ్లేడుతో నిలువుగా కోసి, మిగిలిన మందం వర్నియర్‌తో చూస్తే అదే మీ అసలు గ్యాప్. ముద్ద చెక్కుచెదరలేదా, 5 మి.మీ. పైనే ఉన్నట్టు.

జారే కాలిపర్‌తో చూస్తుంటే కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కుతోనే కొలవాలి. బయటి ప్యాడ్ అరిగేకొద్దీ కాలిపర్ లోపలికి జరుగుతుంది. అరిగిన ప్యాడ్లతో 3 మి.మీ. చూసి మురిసిపోతే, కొత్త సెట్ వేసిన రోజు గీకుడు మొదలవుతుంది. స్థిర కాలిపర్‌కు ఈ బెడద లేదు.

చుట్టుకొలత వైపు బ్రెంబో 326తో ఈ వీల్‌కు ఇబ్బంది రాదు. కానీ అక్కడ అందరూ మరిచేది బ్యాలెన్సింగ్ బరువులు. లోపల అతికించే బరువు నాలుగైదు మి.మీ. మందం ఉంటుంది. టైరు షాపతను అలవాటు కొద్దీ దాన్ని సరిగ్గా కాలిపర్ ఎదురుగా అంటిస్తాడు. ముందే చెప్పి ఎక్కడ అంటించాలో మార్కర్‌తో గీత పెట్టించండి. ట్రాక్ వేడికి జిగురు వదిలేస్తుంది కాబట్టి, రిమ్ లోపల స్పిరిటుతో తుడిచి, అంటించాక పైన అల్యూమినియం టేపు వేయించాలి. మూడో సెషన్‌లో ఒక్కసారిగా స్టీరింగ్ వణకడం మొదలైందంటే డిస్కు వంకరపోయిందని కంగారు పడకుండా, ముందు ఆ బరువులున్నాయో లేవో చూడండి.

ఇక ఆఫ్‌సెట్. కంపెనీ వీల్ 17×7.5, +48. దాని మీద 17×9, +45 వేస్తే లోపలి అంచు స్ట్రట్ (చక్రం వెనక నిలువుగా ఉండే సస్పెన్షన్ కాలు) వైపు 16 మి.మీ. జరుగుతుంది, బయటి అంచు ఫెండర్ వైపు 22 మి.మీ. జరుగుతుంది. రెండు వైపులా గట్టి జరుగుడే. 245/40 ఆర్17 టైరుకు (245 దాని వెడల్పు, మి.మీ.లో) ఇది బాగా కుదురుతుంది. దాని వ్యాసం దాదాపు 628 మి.మీ., 18 అంగుళాల కంపెనీ టైరు 215/40ది 629. స్పీడోమీటరు, గేర్ల లెక్క మారవు. 255/40 కూడా ఎక్కుతుంది గానీ వ్యాసం 636కి చేరుతుంది, స్ట్రట్ దగ్గర, ఫెండర్ దగ్గర రెండు చోట్లా గట్టిగా చూసుకోవాలి. మామూలు హార్స్‌పవర్ ఉన్న కారుకి 245 చాలన్నది మా మాట.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) దగ్గర. ట్రాక్‌కు ముందు చక్రాలకు మైనస్ 2.5 నుంచి 3 డిగ్రీలు కావాలి. చవకగా అవుతుందని స్ట్రట్ కింద క్యాంబర్ బోల్టులు వేయిస్తారు. బోల్టు చేసే పని నకుల్‌ను (హబ్‌ను మోసే భాగాన్ని) స్ట్రట్ వైపు వంచడం. అంటే టైరు పైభాగం స్ట్రట్‌కు దగ్గరవుతుంది. అసలే 16 మి.మీ. లోపలికొచ్చిన వీల్ ఇంకా లోపలికి వాలుతుంది. పైన వేసే క్యాంబర్ ప్లేటు అలా కాదు, స్ట్రట్‌నూ చక్రాన్నీ కలిపే వాలుస్తుంది. స్ట్రట్ గ్యాప్ అలాగే ఉంటుంది, ఫెండర్ దగ్గర చోటు పెరుగుతుంది. ఈ వీల్ తీసుకునేవాళ్లు బోల్టుల మీద డబ్బు పెట్టకుండా నేరుగా ప్లేట్లకే పోవడం మేలు.

స్ట్రట్ దగ్గర ఇరుకైతే "3 మి.మీ. స్పేసర్ (హబ్‌కూ వీల్‌కూ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే సరి" అంటారు. సరే, కానీ రెండు లెక్కలు చూడండి. స్టడ్ (వీల్ నట్టు ఎక్కే మరల కడ్డీ) ఎం12, అంటే 12 మి.మీ. వ్యాసం, పిచ్ (మరల మధ్య దూరం) 1.25 మి.మీ. నట్టు కనీసం స్టడ్ వ్యాసమంత, అంటే 12 మి.మీ. లోతుకు పట్టాలి, తొమ్మిది పది చుట్లన్నమాట. చేత్తో తిప్పుతూ లెక్కపెడితే తెలిసిపోతుంది. తగ్గితే పొడవాటి స్టడ్లు వేయించాల్సిందే. రెండోది, స్పేసర్ హబ్ పెదవిని మింగేస్తుంది, వీల్‌ను మధ్యలో నిలబెట్టేది ఆ పెదవే.

ఆ పెదవి సంగతే ఆర్‌పీఎఫ్1 మొదటి లోపం. దీని మధ్య బోరు 73 మి.మీ., కారు హబ్ 56.1. అందరికీ సరిపడాలని పెద్దగా చేశారు, కాబట్టి ఆ ఖాళీ నింపే రింగులు విడిగా కొనాలి. ప్లాస్టిక్ రింగులు ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకి సరిపోతాయి. పెద్ద బ్రేకుల వేడికి మెత్తబడి, వీల్ తీసేటప్పుడు హబ్‌కు అతుక్కుని ముక్కలుగా వస్తాయి. అల్యూమినియంవి తీసుకోండి, లోపల యాంటీసీజ్ (లోహాలు అతుక్కోకుండా చేసే పేస్టు) పలచగా రాయండి, లేదంటే అవీ పట్టేస్తాయి.

రెండో లోపం నట్టు రంధ్రాలు. లోతుగా, ఇరుకుగా ఉంటాయి. కారుతో వచ్చిన 19 మి.మీ. నట్టుకు మామూలు సాకెట్ దించితే గోడలకు రాసుకుని పెయింటు లేస్తుంది. 60 డిగ్రీల టేపర్ (శంకువులా సన్నబడే ఆనిక) ఉన్న 17 మి.మీ. నట్లు, పలచటి గోడ సాకెట్ కలిపి కొనుక్కోవాలి. బిగింపు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితోనే. ట్రాక్ నుంచి అప్పుడే వచ్చిన వేడి వీల్ మీద కాకుండా చల్లబడ్డాక, తర్వాతి సెషన్‌కు ముందు చూడండి. ఇంపాక్ట్ గన్‌తో బిగించే అలవాటుంటే స్టడ్లు సాగి, తెగేదాకా తెలియదు.

మూడోది, ఇది పోతపోసిన వీల్. రిమ్ భాగాన్ని తిప్పుతూ రోలర్లతో నొక్కి సాగదీస్తారు, ఎన్‌కై దాన్ని మ్యాట్ పద్ధతి అంటుంది. అందువల్లే ఈ సైజులో ఏడు కిలోల చిల్లరే ఉంటుంది. ఆ తేలికకు మూల్యం రోడ్డు మీద కట్టాలి. గుంతలో గట్టిగా పడితే లోపలి అంచు వంగుతుంది. రోజువారీ తిరుగుడికి కంపెనీ వీల్స్ ఉంచుకుని, వీటిని ట్రాక్‌కే పెట్టుకోవడం తెలివైన పని. జంట స్పోకుల మధ్య ప్యాడ్ పొడి చేరి, వేడికి కాలి పట్టేస్తుంది. అదే రోజు కడగకపోతే వెండి రంగు వీల్‌కు గోధుమ మచ్చలు మిగిలిపోతాయి. ప్రతి ఈవెంట్ ముందు స్పోకు హబ్‌ను కలిసేచోట టార్చి వేసి సన్నటి వెంట్రుక బీటల కోసం చూడాలి. బీట కనబడితే వెల్డింగు మాట ఎత్తొద్దు, ఆ వీల్ పక్కన పెట్టేయండి.

350 మి.మీ., అంతకు మించిన డిస్కు కిట్ వేసుకున్నవాళ్లు ఈ సైజు మరిచిపోండి, 18 చూసుకోండి. గుంతల్లో కూడా ఇవే తిప్పుతామనేవాళ్లు ఫోర్జ్‌డ్ (పోతపోయకుండా లోహాన్ని బలంగా నొక్కి చేసిన) వీల్ కొనుక్కోవడం మంచిది, ధర ఎక్కువే. మిగిలినవాళ్లకు, అంటే 300 నుంచి 326 డిస్కు, 245 టైరు, నెలకో రెండు నెలలకో ఒక ట్రాక్ డే అనుకునేవాళ్లకు, 17లో దీన్ని కాదనడానికి గట్టి కారణం కనబడదు. 17 టైరు 18 కన్నా చవక, ట్రాక్ అలవాటైతే డబ్బు కరిగేది టైర్ల దగ్గరే. అమెరికాలో కొత్త జీఆర్86 కొన్నవాళ్లకు టయోటా ఒక నాసా ట్రాక్ డే ఉచితంగా ఇస్తుంది (రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్). ఆ మొదటి రోజుకు కంపెనీ వీల్స్, మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్ చాలు. ఈ ఖర్చు ఆ తర్వాత.

మన దగ్గర ఈ కారు అమ్మరు గానీ 5×100 కొలత పరిచయమే, ఫోక్స్‌వాగన్ పోలోది అదే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోలో తీసుకెళ్లేవాళ్లు ఆర్‌పీఎఫ్1 చూస్తుంటే 17×9 జోలికి పోకుండా చిన్న సైజు వెతుక్కోవాలి. రింగు 73 నుంచి 57.1కి కావాలి. ముఖ్యమైనది బోల్టు. పోలోతో వచ్చిన ఎం14 బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, ఈ వీల్ సీటు 60 డిగ్రీల టేపర్. గుండ్రటి బోల్టును టేపర్ సీటులో బిగిస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. రెంచి టక్కుమంటుంది, బిగిసినట్టే ఉంటుంది, పది ల్యాపుల్లో వదులవుతుంది. ఇదే డిజైన్‌లో నకిలీలు కూడా షాపుల్లో వేలాడుతుంటాయి. వీల్ వెనక్కి తిప్పి ఎన్‌కై పేరు, సైజు, జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు (జపాన్ వీల్ నాణ్యతా ముద్రలు) పోతలోనే ఉన్నాయో లేదో చూడండి. స్టిక్కర్ మీద ఉన్నాయంటే బేరం ఆడకుండా వచ్చేయండి.