పక్కటెముకలు విరిగినప్పుడు పారాసెటమాల్: సీసా మేలా, బిళ్ల మేలా?

జ్వరం బిళ్లగా ఇంటింటా తెలిసిన పారాసెటమాల్‌ను పక్కటెముకలు విరిగినవారికి నొప్పి మందుగానూ ఇస్తారు. ఛాతీ గాయాల్లో ఏ నొప్పి మందునైనా శ్వాసతోనే కొలవాలి. నొప్పికి జడిసి రోగి నిండుగా ఊపిరి పీల్చడు, దగ్గును ఆపుకుంటాడు, దాంతో కఫం లోపలే నిలిచిపోయి న్యుమోనియాకు దారితీస్తుంది. వయసు మళ్లినవారికి ఎముక విరగడం కన్నా ఈ న్యుమోనియాతోనే ఎక్కువ ముప్పు.

ఆసుపత్రిలో 100 మిల్లీలీటర్ల సీసాలో ఉండే 1 గ్రాము మందును సుమారు 15 నిమిషాల్లో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వైద్యులు పక్కటెముకలు విరిగిన 54 మందిపై దీనిని మార్ఫిన్ ఇంజెక్షన్‌తో పోల్చి, అరగంట తరువాత రెండింటి ఉపశమనంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2015లో ప్రచురించారు. మార్ఫిన్‌లా మత్తు కలిగించకుండా, శ్వాసను మందగింపజేయకుండా ఆ మాత్రం పనిచేయడం మెచ్చుకోదగినదే. అయితే వారాల తరబడి వేధించే నొప్పి గురించి అరగంట పరిశీలన చెప్పగలిగేది కొంచెమే. పైగా 54 మంది చిన్న సంఖ్య.

సీసాకు నా సిఫారసు పరిమితమే. మింగిన బిళ్లలో అధిక భాగం ఎలాగూ రక్తంలోకి చేరుతుంది కాబట్టి, సీసా వల్ల ప్రధానంగా కలిసొచ్చేది వేగం. తొలి గంటల్లోనూ, వాంతులవుతున్నప్పుడూ, ఆపరేషన్‌కు ముందు నోటితో ఏమీ ఇవ్వకూడనప్పుడూ అది అవసరం. అన్నం తింటున్న రోగికి రోజూ సీసాలు ఎక్కిస్తూంటే బిల్లు తప్ప పెరిగేది పెద్దగా ఉండదు.

బిళ్ల విషయంలో నాకు నచ్చినది, అది కడుపులో పుండ్లు చేయకపోవడం, మామూలు మోతాదులో రక్తస్రావాన్ని పెంచకపోవడం. ఛాతీలో రక్తం చేరిందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుల కన్నా ముందు దీనివైపు చూడటానికి అదొక కారణం. మూడు నాలుగు ఎముకలు విరిగితే మాత్రం ఇది ఒక్కటే చాలదు. నరాల దగ్గర మత్తుమందు ఇచ్చే బ్లాక్ వంటివి తోడు కావాలి.

పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములవుతుంది. ట్రమడాల్‌తో కలిపి అమ్మే నొప్పి బిళ్లల్లో, జలుబు మందుల్లో ఉండే పారాసెటమాల్‌నూ ఈ లెక్కలో కలపాలి. కాలేయ జబ్బో మద్యం అలవాటో ఉంటే పరిమితి ఇంకా తగ్గుతుంది. దీని జ్వరం తగ్గించే గుణమే ఛాతీ గాయంలో ఒక చిక్కు కూడా: న్యుమోనియా మొదలైనా థర్మామీటర్‌లో తెలియకపోవచ్చు. అందువల్ల బిళ్ల వాడినంతకాలం ఆయాసం, కఫం రంగు, ఆక్సిజన్ శాతం చూస్తూండాలి.